ఇల్లు తెలిసినవాళ్లు

2024 జూన్ 9, ఆదివారం. నల్లకుంట.

పొద్దున ఓనరు అంకుల్ మెట్లు దిగి వచ్చారు. ఆయన మా గడప దాకా వచ్చేది నెలనెలా ఒకటో తారీకునే. తొమ్మిదో తారీకున వచ్చారంటే కిరాయి సంగతి కాదని అనుకుంటూనే కుర్చీ వేశాను. కూర్చోలేదు. "అమెరికా నుంచి అబ్బాయి వచ్చేస్తున్నాడమ్మా. కింది పోర్షను మాకే కావాలి. శ్రావణం దాకా టైం తీసుకోండి" అన్నారు.

ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లు. 11,000తో మొదలైన కిరాయి ఇప్పుడు 15,000. ఏ నెలా ఐదో తారీకు దాటనివ్వలేదు, 2020లో మా ఆయనకు సగం జీతమే వచ్చిన నెలల్లో కూడా. అత్తమ్మ అంతా విని పెరట్లోకి వెళ్లింది. కరివేపాకు చెట్టు కింద చాలాసేపు నిలబడింది. చిన్న మొక్కగా ఉన్నప్పుడు దాన్ని నల్గొండ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆమే.

జూన్ 12, బుధవారం.

బడులు తెరిచారు. నేను పాఠాలు చెప్పే బడికి నడిచి వెళ్తూ పిల్లల్ని కాదు, గేట్లను చూస్తున్నాను. ఆరేళ్లుగా ఇదే దారి. ఇన్ని టులెట్ బోర్డులు ఉంటాయని ఎప్పుడూ గమనించలేదు.

సాయంత్రం గుర్తున్నవి రాసుకున్నాను. "రెండు బెడ్రూములు, మంజీర నీళ్లు, ఫ్యామిలీకి మాత్రమే." "చిన్న కుటుంబం, వెజిటేరియన్స్." "బ్యాచిలర్లు ఫోన్ చేయవద్దు." నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్లయినా గోదావరి నీళ్లయినా ఈ ఊళ్లో మునిసిపాలిటీ నీళ్లన్నిటికీ మంజీర అనే పేరు. బోర్డు మీద ఇంటి గురించి ఉండేది దాదాపు ఆ ఒక్క మాటే. మిగతా జాగా అంతా ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో.

జూన్ 16, ఆదివారం.

మా సందు మొదట్లో ఇస్త్రీ బండి అన్నకు చుట్టుపక్కల ఖాళీ అయ్యే ప్రతి ఇల్లూ తెలుసు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముందు ఆయనతోనే చెబుతారట. ఆఫీసు పెట్టుకున్న బ్రోకర్లు నెల కిరాయి కమీషన్ అడుగుతుంటే ఈయన పదిహేను రోజులదే తీసుకుంటాడు. "ఇల్లు నచ్చి, అడ్వాన్సు ఇచ్చినంకనే నా పైసలు అక్కా" అన్నాడు. బండి భార్యకు అప్పజెప్పి మాతో నడిచాడు.

నాలుగు ఇళ్లు చూశాం. విద్యానగర్‌లో మొదటిదానికి వంటింట్లో కిటికీ లేదు. రెండోది 24,000 అన్నారు. నాలుగోది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అత్తమ్మ మోకాళ్లకు కుదరదు.

మూడోది అడిక్‌మెట్‌లో. ఉన్నవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదు. ఓనరు తలుపు తట్టకుండానే లోపలికి నడిచాడు, వెనకాల మేము. పిండి కలుపుతున్న ఒకామె ఆ చేతులతోనే లేచి గోడ పక్కకు జరిగి నిలబడింది. "షెల్ఫులు ఇంత లోతు ఉంటాయి" అంటూ ఆయన ఒకటి తెరిచి చూపించాడు. లోపల వాళ్ల పాప యూనిఫాం, లంచ్ బాక్సు. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

బయటికి వస్తుంటే ఆమె నా పక్కకు వచ్చి చాలా మెల్లగా అంది: "ఎండాకాలం నీళ్లు పైకి ఎక్కవు అక్కా. నెలకు నాలుగు ట్యాంకర్లు తెప్పించాలి. ఆ డబ్బులు మన మీదే వేస్తారు."

ఇల్లు బాగుంది. ఆమె చెప్పకపోతే ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చేసేవాళ్లం. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

జూన్ 17, సోమవారం. బక్రీద్.

మా బడిలో లెక్కలు చెప్పే టీచర్ ఇంటికి వెళ్లాం. బిర్యానీ తిని కూర్చున్నాక ఇల్లు వెతుకుతున్న సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని తన కథ చెప్పింది. ఫోన్ చేస్తే ఇల్లు ఖాళీగానే ఉందనేవాళ్లట. పేరు చెప్పగానే, ఎవరో నిన్ననే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారనేవాళ్లట. ఒక ఇంటికి మర్నాడు మా ఆఫీసు క్లర్కు చేత ఫోన్ చేయిస్తే అది ఇంకా ఖాళీగానే ఉంది.

చివరికి ఊరి ఆ చివర దొరికింది. రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. పదేళ్లుగా స్టాఫ్ రూములో ఆమె పక్క కుర్చీ నాది. ఎందుకు అంత దూరం నుంచి వస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు.

జూన్ 23, ఆదివారం.

బర్కత్‌పురాలో ఒక ఇల్లు. వరండాలో పెద్దాయన పేపరు చదువుతున్నారు. ఏం చేస్తారు, ఎంతమంది, నాన్‌వెజ్ వండుతారా, సొంతూరేది అని వరసగా అడిగారు. అన్నిటికీ చెప్పాను. ఆఖర్న ఇంటిపేరు అడిగారు. చెప్పగానే పేపరు మడిచి పక్కన పెట్టారు. మా ఇంటిపేరు మా ఊళ్లో మా వాడ ఎటువైపు ఉందో చెప్పేస్తుంది. "ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తానమ్మా" అన్నారు. మా నంబరు మాత్రం తీసుకోలేదు.

తలదాచుకోను ఇల్లడిగితే ఇంటిపేరు అడుగుతారు. మన భాషలో ఈ రెండు మాటల్లోనూ ఇల్లు ఉంది. రాత్రంతా అదే తిరిగింది బుర్రలో.

1917లో అంబేడ్కర్ విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కొందరు కర్రలు పట్టుకుని గది ముందుకు వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఎక్కడా చోటు లేక ఆయన కమాటీ బాగ్ తోటలో కూర్చున్నారు. రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన మనిషి.

మా పాప తొమ్మిదో తరగతిలోకి వచ్చింది, తెలుసుకోవాల్సిన వయసు. ఈ సంగతి చెప్పాను. "మరి ఎవరైనా అడిగితే మనం ఏం పేరు చెప్పాలి?" అంది. "మన పేరే" అన్నాను.

జూన్ 26, బుధవారం.

ఫోన్‌లో ఒక ప్రకటన. రామంతాపూర్‌లో మూడు బెడ్రూములు, 12,000 మాత్రమే. ఫొటోలు మెరిసిపోతున్నాయి. మాట్లాడినతను తాను సైన్యంలో ఉన్నానని, వేరే రాష్ట్రానికి బదిలీ అయిందని, ఇల్లు చూడాలంటే ముందు గేట్ పాస్‌కు 3,000 పంపాలని అన్నాడు. డబ్బులు వేయబోతుంటే మా ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. ఆయన ఆఫీసులో ఒకరు సరిగ్గా ఇలాగే పోగొట్టుకున్నారట. ఇల్లు కళ్లతో చూడకముందు రూపాయి కూడా పంపకూడదని ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

జూన్ 30, ఆదివారం.

మా సోషల్ సారు పాత లా పుస్తకాలు రెండు ముందేసుకుని, గంటసేపు ఓపిగ్గా చెప్పారు. నాకు అర్థమైనంత వరకు:

కిరాయి కాగితాలన్నీ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారు? 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని ఉంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గిస్తారు.

నెలనెలా కిరాయి మీద ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే, కాగితంలో వేరే మాట లేకపోతే, 1882 ఆస్తి బదిలీ చట్టం పదిహేను రోజుల నోటీసు చాలంటుంది. మాకు రెండు నెలలు ఇచ్చారు. ఆ మేరకు అంకుల్ మంచివారే.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో కిరాయి కట్టినవాళ్లు రసీదు అడిగే హక్కుంది. కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపకూడదనీ ఉంది. కానీ నగరంలో నెలకు 3,500 దాటిన కిరాయి ఇళ్లను తర్వాత దాని పరిధి నుంచి తీసేశారు. 3,500కు నల్లకుంటలో స్కూటరు పెట్టుకునే జాగా ఇస్తారేమో.

2021 జూన్‌లో కేంద్రం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసానికి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు, ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి. ఈ రెండూ అందులో ఉన్నాయి. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. పిండి చేతులతో గోడ పక్కన నిలబడ్డ ఆమె గుర్తొచ్చింది. 24 గంటలు అక్కర్లేదు, ఆయన తలుపు తట్టి ఉంటే చాలు.

రాత్రి బెంగళూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అడ్వాన్సు రెండు నెలలు అంటే వాడు నమ్మలేదు. అక్కడ వాడు చేరినప్పుడు పది నెలల కిరాయి ఒకేసారి కట్టాడు.

జూలై 7, ఆదివారం. గోల్కొండ బోనాలు.

నిన్నటి నుంచి ఆషాఢం. ఈ నెలలో ఇల్లు మారేవాళ్లు ఉండరు. అందుకే చూడడానికి ఇదే మంచి సమయం అంటాడు ఇస్త్రీ అన్న. ఖాళీగా నెల పోతుందని ఓనర్లు కిరాయి తగ్గిస్తారు, ఇప్పుడు మాట్లాడి పెట్టుకుని శ్రావణంలో దిగొచ్చు.

మధ్యాహ్నం కూరగాయలు తెస్తూ మా గేటు దగ్గర ఆగిపోయాను. మా గేటుకే టులెట్ బోర్డు కట్టి ఉంది. తాడు కొత్తది. కింద అంకుల్ నంబరు.

జూలై 8, సోమవారం.

ఆయనతో పోట్లాడతానని మా ఆయన పైకి వెళ్లబోతే ఆపి నేనే వెళ్లాను. "అబ్బాయి రావడం లేదా అంకుల్?" అన్నాను. "వాడి ప్లాన్ మారిందమ్మా" అన్నారు. కాసేపు ఆగి, "బయట 22,000 పలుకుతోంది" అన్నారు. "ఆ మాటే చెబితే మేమూ ఆలోచించేవాళ్లం కదా" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆంటీ లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

నాకు బాధ కిరాయి పెంచాలనుకున్నందుకు కాదు. ఇల్లు ఆయనది, ధర చెప్పే హక్కు ఉంది. ఆరేళ్లలో ఆంటీని రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లింది మేమే. నిజం చెప్పడానికి మేం సరిపోలేదా?

జూలై 14, ఆదివారం.

రామంతాపూర్‌లో ఒక ఇల్లు. ఓనరమ్మ రిటైరైన నర్సు, పక్క పోర్షనులోనే ఉంటారు. ఈసారి నా చేతిలో కాగితం ఉంది. అడిక్‌మెట్ ఆమె తర్వాత రాసుకోవడం మొదలుపెట్టిన ప్రశ్నలవి. ఒక్కోటీ అడిగాను.

నీళ్లు ఏ రోజు, ఎన్నింటికి? ఎండాకాలం బోరు ఆగుతుందా? ట్యాంకరు వస్తే ఎవరి వాటా ఎంత? మోటారు కరెంటు ఎవరి మీటరులో? మా కరెంటుకు విడి మీటరా, సబ్ మీటరా?

ఈ ఆఖరి ప్రశ్న విలువ నల్లకుంటలో తెలిసింది. అక్కడ సబ్ మీటరు, యూనిట్ 10 రూపాయలు. మేం నెలకు 150 యూనిట్లు వాడితే 1,500. విడి మీటరు ఉంటే 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతివి 4.80 చొప్పున, ఫిక్స్‌డ్ చార్జీలు కాక 580. ఆరేళ్లు ఈ లెక్క వేయలేదు.

ఓనరమ్మ అన్నిటికీ చెప్పారు. విడి మీటరే. కిరాయి 17,000, అడ్వాన్సు రెండు నెలలు, ఏడాదికి ఐదు శాతం పెంపు. మా ఆయన ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ కోసం ఓనరు పాన్ నంబరు కావాలి, ఏడాది కిరాయి లక్ష దాటితే అడుగుతారు. నల్లకుంటలో ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఈమె అప్పుడే కార్డు తెచ్చి ఫొటో తీసుకోమన్నారు. "ఎండాకాలం నీళ్ల సంగతి మాత్రం ఏడాదికో రకం అమ్మా, మాట ఇవ్వలేను" అన్నారు. ఆ ఇంటి మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మాట దగ్గరే.

ఇంటిపేరు అడగలేదు. అగ్రిమెంటు కోసం ఆధార్ ఇచ్చినప్పుడు చూసే ఉంటారు. కాగితం మడిచి పెట్టుకుని, టీ తాగి వెళ్లమన్నారు.

జూలై 18, గురువారం.

100 రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు. ఈసారి ప్రతి వాక్యం చదివాను. ఖాళీ చేయాలంటే ఎవరు చెప్పినా రెండు నెలల ముందు. ప్రతి నెలా రసీదు. పెద్ద మరమ్మతులు ఓనరువి, బల్బులు, కుళాయి వాషర్లు మావి. పెయింటింగు ఖర్చు ఎంతో రాయకుండా ఉన్న లైను దగ్గర ఆగి అడిగాను. ఓనరమ్మ ఆలోచించి, మూడేళ్లు దాటి ఉంటే ఏమీ తీసుకోనని రాయించారు. ఇస్త్రీ అన్నకు 8,500 ఇచ్చాం. లెక్కపెట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

జూలై 21, ఆదివారం. సికింద్రాబాద్ బోనాలు.

మా పోర్షను చూడడానికి ఒక జంట వచ్చింది. ఇద్దరూ చిన్నవాళ్లు, ఆ అమ్మాయి చంకలో రెండేళ్ల బాబు. అంకుల్ హాల్లో నిలబడి ఇంటి గొప్ప చెబుతున్నారు. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో పదిహేను రోజులుగా మనసులో కూడబెట్టుకుంటున్నాను. అన్నీ చేదు మాటలే.

బాబుకు నీళ్లు కావాలంటే ఆ అమ్మాయిని వంటింట్లోకి తీసుకెళ్లాను. గడపలోనే ఆగిపోయింది, "మీ ఇంట్లోకి ఇలా వచ్చేశాం, ఏమీ అనుకోకండి అక్కా" అంది. కూడబెట్టుకున్నవన్నీ ఎటు పోయాయో.

నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయనీ, పొద్దున ఐదున్నరకు మోటారు వేయకపోతే సంపు నిండదనీ చెప్పాను. చిన్న గదిలో పడమటి గోడకు వానాకాలం చెమ్మ వస్తుంది, బీరువా అటు పెట్టొద్దన్నాను. వంటింటి కిటికీ, పెరటి తలుపు రెండూ తీస్తే మే నెలలో కూడా సాయంత్రం గాలి వస్తుందన్నాను. పైన ఆంటీ మంచిది, బాబుకు జ్వరం వస్తే భయపడకుండా పిలవమన్నాను. కరెంటు సబ్ మీటరు. మేం కట్టేది 15,000. ఏం మాట్లాడుకున్నా కాగితం మీద రాయించుకోమని చెప్పాను.

అంకుల్‌కు ఈ ఇంటి గజాలు తెలుసు. చెమ్మ ఎక్కడో, గాలి ఎక్కడో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. తాళంచెవులు ఓనరుకు అప్పజెబుతాం. ఈ తెలిసిన సంగతులు ఎవరికి అప్పజెప్పాలి? అడిక్‌మెట్ ఆమె అరనిమిషంలో నాకు అప్పజెప్పింది.

ఆగస్టు 2, శుక్రవారం.

లెక్కలు తేలాయి. ఆరేళ్ల కిందట ఇచ్చిన అడ్వాన్సు 30,000. పెయింటింగుకు నెల కిరాయి, 15,000 పట్టుకున్నారు. ఆ మాట మేం సంతకం చేసిన కాగితంలోనే ఉంది, అప్పుడు చదవలేదు. పగిలిన వాష్‌బేసిన్‌కు ఇంకో 2,000. అది మేం వచ్చేటప్పటికే పగిలి ఉంది. ఫొటో లేదు, నోటిమాటకు విలువ లేదు. 13,000 చేతికి వచ్చాయి.

అత్తమ్మ పైకి వెళ్లి కరివేపాకు పిలక ఒకటి తీసుకెళ్తానని అడిగింది. "చెట్టు మీదే కదమ్మా" అన్నారట అంకుల్. ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పింది నాకు.

ఆగస్టు 7, బుధవారం. శ్రావణ శుద్ధ తదియ. రామంతాపూర్.

ముందుగా దేవుడి పటం, పసుపు, ఉప్పు, బిందెడు నీళ్లు. పాలు పొంగించాం. ట్రాలీ ఆటో మూడు ట్రిప్పులు తిరిగింది. సామాను దించకముందే పాప ఫోన్‌తో గదులన్నీ తిరిగి పగుళ్లు, గీతలు, కారే కుళాయి ఫొటోలు తీసింది. ఓనరమ్మకు పంపితే, "మంచి పని చేశావు తల్లీ" అని జవాబు పెట్టారు. సాయంత్రం ఆమే సుత్తి తెచ్చి ఇచ్చారు. మామయ్య ఫొటో నల్లకుంటలో ఆరేళ్లూ ఫ్రిజ్ మీదే ఉండేది, గోడకు మేకు కొట్టొద్దన్నారు కాబట్టి. ఇవాళ హాల్లో గోడకెక్కింది.

ఆగస్టు 11, ఆదివారం.

ఇస్త్రీ అన్న ఫోన్ చేశాడు. నల్లకుంట ఇల్లు ఆ జంటకే కుదిరిందట, 18,500కు, కాగితం రాసుకుని. "ఆ పిల్ల గట్టిగనే మాట్లాడింది అక్కా" అన్నాడు.

డైరీ చివరి పేజీలో ఈ ఇంటికి ఒక పట్టిక మొదలుపెట్టాను. మా తర్వాత వచ్చేవాళ్లకు.

నల్లా: మంగళ, గురు, శని, పొద్దున ఆరింటికి.
గాలి: వెనక గది, తూర్పు కిటికీ.
పాలు: సందు చివర, ఐదింటికే తెరుస్తారు.
వాన: మెట్ల కింద నీళ్లు నిలుస్తాయి, చెప్పులు పైమెట్టు మీద పెట్టుకోవాలి.
కరివేపాకు: పెరట్లో, గోడ వారన. ఇంకా చిన్నది, కోయొద్దు.
ఎండాకాలం నీళ్లు:

ఆ లైను ఇప్పటికి ఖాళీగా వదిలాను.